ముందు ఫ్రేము చూసి తర్వాతి ఫ్రేము: వీడియో కంప్రెషన్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు, కడప, అనంతపురం వైపు పెళ్లి వీడియోలు తీసే స్టూడియోల వాళ్లు, లోకల్ యూట్యూబ్ ఛానళ్లు నడిపేవాళ్లు, సీసీ కెమెరాలు బిగించేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. తలంబ్రాల దగ్గర బొమ్మ చెదిరిపోవడం, ఎడిటింగ్‌లో టైమ్‌లైన్ మొరాయించడం, కట్ చేసిన క్లిప్పు మొదట్లో బొమ్మ నిలిచిపోవడం వేర్వేరు జబ్బుల్లా కనిపిస్తాయి. మూలం మాత్రం ఒకటే. ఈ ఫైళ్లలో చాలా ఫ్రేములు సొంతంగా నిలబడవు, వేరే ఫ్రేముల మీద ఆధారపడి ఉంటాయి. ఆ ఆధారం ఎక్కడ తెగుతోందో పట్టుకుంటే చాలా చోట్ల బిట్‌రేట్ (సెకను వీడియోకు ఖర్చుపెట్టే బిట్లు) పెంచాల్సిన పనే ఉండదు.

అసలు ఇంత కుదించాల్సిన అవసరమేంటి?

1920×1080 సైజు, 8 బిట్, 4:2:0 రంగు (వెలుగుతో పోలిస్తే రంగు వివరాన్ని పావు వంతే ఉంచే పద్ధతి) అనుకుంటే ఒక్క ఫ్రేము 31,10,400 బైట్లు. సెకనుకు 25 ఫ్రేములంటే దాదాపు 78 ఎంబీ. గంటకు 280 జీబీ. అదే వీడియోకు యూట్యూబ్ సూచించే అప్‌లోడ్ బిట్‌రేట్ 8 ఎంబీపీఎస్ (సెకనుకు 8 మెగాబిట్లు), 8 బిట్లు ఒక బైటు కాబట్టి సెకనుకు 1 ఎంబీ, గంటకు 3.6 జీబీ. దాదాపు 78వ వంతు. ఫొటోను జేపెగ్ చేసినట్టు ప్రతి ఫ్రేమునూ విడివిడిగా కుదిస్తే ఇంత దూరం రాలేం, అంతకు చాలా ముందే బొమ్మ పాడైపోతుంది. మిగతా ఆదా అంతా పక్క ఫ్రేములతో ఉన్న పోలిక నుంచే వస్తుంది.

ముందు ఫ్రేము నుంచి తర్వాతి ఫ్రేమును ఎలా అంచనా వేస్తారు?

ఎక్కువగా వాడే కుదింపు పద్ధతి హెచ్.264లో చూద్దాం. ఎన్‌కోడర్ (కుదించే సాఫ్ట్‌వేర్ లేదా చిప్పు) కుదించాల్సిన ఫ్రేమును మొదట 16×16 పిక్సెళ్ల గడులుగా విడగొడుతుంది. వీటిని మాక్రోబ్లాకులంటారు. 1080పి ఫ్రేములో అడ్డంగా 120, నిలువుగా 68, మొత్తం 8,160 గడులు. ఎత్తు 16తో సరిగ్గా భాగం పోవాలి కాబట్టి లోపల 1088గా లెక్క కడుతుంది.

తర్వాత ఒక్కో గడికీ, ఇదివరకే కుదించిన ఫ్రేములో దాన్ని పోలిన చోటు కోసం వెతుకుతుంది. దొరికితే ఆ గడిలోని బొమ్మను మళ్లీ రాయదు. ‘పాత ఫ్రేములో అడ్డంగా ఇంత, నిలువుగా ఇంత జరిగి అక్కడున్నది తెచ్చుకో’ అని రెండు అంకెలు రాస్తుంది. అదే మోషన్ వెక్టర్. కదలిక ఎప్పుడూ పూర్తి పిక్సెళ్ల లెక్కలో ఉండదు కాబట్టి హెచ్.264లో ఇది పావు పిక్సెల్ దాకా కచ్చితంగా ఉంటుంది. ఎంపెగ్-2లో అర పిక్సెల్ దాకానే. గడిలో సగం పెళ్లికూతురి చెయ్యి, సగం వెనకున్న పూలదండ పడితే ఆ గడిని 8×8గా, అవసరమైతే 4×4 దాకా చీల్చి ఒక్కో ముక్కకూ వేరే వెక్టర్ ఇస్తుంది.

అలా తెచ్చుకున్న గడి అసలు గడితో అచ్చంగా సరిపోదు. ఆ తేడాను డీసీటీ తరహా లెక్కతో సన్నని వివరాలుగా, ముతక వివరాలుగా విడదీస్తారు. (డీసీటీని నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు 1974లో ప్రచురించారు. నేటికీ దాని వారసులే పనిచేస్తున్నాయి.) విడదీశాక చిన్న చిన్న విలువలను గుండు సున్నా చేసేస్తారు. దీన్నే క్వాంటైజేషన్ అంటారు. నాణ్యత పోయేది ఇక్కడే, అంచనా వేయడం వల్ల కాదు. అంచనా బాగా కుదిరితే తేడా చిన్నదవుతుంది, సున్నా చేయాల్సింది తగ్గుతుంది. అంచనా తప్పితే తేడా పెద్దదై, ఉన్న బిట్లు సరిపోక, సున్నా చేయకూడనివి కూడా సున్నా అవుతాయి. మీరు తెరమీద చూసే బ్లాకులు అవే.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఎన్‌కోడర్ పోల్చుకునేది కెమెరా ఇచ్చిన అసలు ఫ్రేముతో కాదు, తను కుదించి మళ్లీ విప్పి చూసుకున్న ఫ్రేముతో. చూసేవాళ్ల ఫోన్లో ఉండేది ఆ విప్పిన ఫ్రేమే మరి. అసలు ఫ్రేముతో పోలిస్తే ఇక్కడి లెక్కకూ అక్కడి లెక్కకూ పొంతన తప్పి, ఫ్రేము ఫ్రేముకూ ఆ తప్పు పేరుకుపోతుంది. అందుకే ప్రతి ఎన్‌కోడర్ కడుపులో ఒక డీకోడర్ (విప్పేది) ఉంటుంది.

రెండర్ అంత సేపెందుకు తీసుకుంటుంది?

వెతకడం వల్ల. ఒక గడి చుట్టూ అన్ని వైపులా 16 పిక్సెళ్ల మేర ప్రతి చోటా చూడాలంటే 33×33, అంటే 1,089 చోట్లు. 8,160 గడులకు కలిపి ఒక్క ఫ్రేముకే దాదాపు 89 లక్షల పోలికలు, ఒక్కో పోలికకు 256 తీసివేతలు. సెకను వీడియోకు ఇది దాదాపు 5,700 కోట్ల తీసివేతలు అవుతుంది. ఇది పూర్తి పిక్సెళ్ల లెక్కే, పావు పిక్సెల్ వెతుకులాట ఇందులో కలపలేదు. అందుకే ఎన్‌కోడర్లు డైమండ్, హెక్సాగన్ ఆకారాల్లో కొన్ని చోట్లే చూసి సరిపెట్టుకుంటాయి. ‘ఫాస్ట్’, ‘మీడియం’, ‘స్లో’ ప్రీసెట్ల తేడాలో ఎక్కువ భాగం ఎంత ఓపిగ్గా వెతకాలన్నదే. టైమ్ ఉంటే స్లో పెట్టండి. అదే సైజులో మెరుగైన బొమ్మ వస్తుంది.

ఐ, పీ, బీ ఫ్రేములంటే?

ఐ ఫ్రేము సొంతంగా నిలబడుతుంది, ఏ ఫ్రేము మీదా ఆధారపడదు. పీ ఫ్రేము ఇదివరకటి ఫ్రేముల నుంచి అరువు తెచ్చుకుంటుంది. బీ ఫ్రేము వెనకటి దాని నుంచీ, రాబోయే దాని నుంచీ కూడా తెచ్చుకోగలదు, రెంటినీ కలిపి సగటు కూడా తీసుకోగలదు. పెళ్లికొడుకు ముందు నుంచి ఎవరో నడిచి వెళ్లారనుకోండి. ఆ మనిషి పక్కకు జరగగానే కనబడే పిక్సెళ్లు వెనకటి ఫ్రేములో లేవు, తర్వాతి ఫ్రేములో ఉన్నాయి. బీ ఫ్రేము లాభం అక్కడ.

దీనికోసం ఫ్రేముల వరస మార్చాలి. తెరమీద ఐ, బీ, బీ, పీ అని కనబడే ఫ్రేములు ఫైల్లో ఐ, పీ, బీ, బీ అనే వరసలో ఉంటాయి. పీ వచ్చేదాకా బీ ఫ్రేములు విప్పలేం. లైవ్‌లో ఆలస్యానికి ఇదొక కారణం.

ఒక ఐ ఫ్రేము నుంచి తర్వాతి ఐ ఫ్రేము దాకా ఉన్న గుంపును జీఓపీ అంటారు. క్లోజ్‌డ్ జీఓపీ అంటే గుంపు బయటి ఫ్రేములను ఎవరూ అడగకూడదు. ఓపెన్ జీఓపీలో కొన్ని బీ ఫ్రేములు పక్క గుంపులోకి కూడా చెయ్యి చాస్తాయి. కొంచెం ఆదా అవుతుంది గానీ కట్ చేసేటప్పుడు ఇబ్బంది పెడుతుంది.

హెచ్.264, హెచ్.265, ఏవీ1: ఏది వాడాలి?

మూల సూత్రం 1988 నాటి హెచ్.261 నుంచీ ఒకటే. అది వీడియో కాన్ఫరెన్సుల కోసం వచ్చింది, అందులో బీ ఫ్రేములు లేవు. అవి ఎంపెగ్-1తో వచ్చాయి. తర్వాత డీవీడీకి ఎంపెగ్-2, 2003లో హెచ్.264, 2013లో హెచ్.265, 2018లో ఏవీ1, 2020లో హెచ్.266. ప్రతి తరంలోనూ వెతికే పనిముట్లు పదునెక్కాయి. గడి సైజు హెచ్.265లో 64×64 దాకా, ఏవీ1లో, హెచ్.266లో 128×128 దాకా పెరిగింది. గండికోట మీద డ్రోన్ తీసిన ఆకాశం లాంటి చోట ఒక్క పెద్ద గడితో పని అయిపోతుంది.

కస్టమర్ చేతికిచ్చే ఫైలు హెచ్.264లోనే ఇవ్వండి. ఊళ్లో పాత టీవీ మీద కూడా ఆడుతుంది. మీ దగ్గర దాచుకునే కాపీకి హెచ్.265 మంచిది. హెచ్.264 బిట్‌రేట్‌లో దాదాపు సగంతో అదే నాణ్యత ఇవ్వాలన్న లక్ష్యంతో దాన్ని తయారుచేశారు.

తలంబ్రాల దగ్గరే బొమ్మ పగిలిపోతోంది. మంగళసూత్రం ఘట్టంలో బాగానే ఉంది. ఎందుకు?

అంచనా పూర్తిగా చేతులెత్తేసే ఘట్టం తలంబ్రాలు. వందల బియ్యపు గింజలు, ఒక్కోటి ఒక్కో దిక్కుకు, ఒక్కో వేగంతో. 4×4 గడిలో కూడా రెండు మూడు గింజలు వేర్వేరుగా కదులుతుంటాయి. ఒక్క గడికి ఒక్క వెక్టర్ ఇస్తే అందులో ఏ గింజకూ సరిపోదు. పైగా గింజ వెనకున్న మొహం ఒక ఫ్రేములో కనబడి, తర్వాతి ఫ్రేములో మరుగై, మళ్లీ కనబడుతుంది. ఎన్‌కోడర్ ఆ గడులను దాదాపు ఐ ఫ్రేములా మొదటి నుంచి రాయాల్సి వస్తుంది. సూత్రధారణ దగ్గర మాత్రం మండపం, పట్టుచీర, కూర్చున్న పెద్దలు అంతా నిలకడగా ఉంటారు. చాలా గడులకు ‘ఇందాకున్నదే ఉంచు’ అన్నంత చిన్న గుర్తు చాలు. దాన్ని స్కిప్ అంటారు, సగటున ఒక్క బిట్ కూడా పట్టదు.

బిట్‌రేట్ స్థిరంగా పెట్టినప్పుడు రెండు ఘట్టాలకూ ఒకే కోటా పడుతుంది. అది సూత్రధారణకు అవసరానికి మించి ఎక్కువ, తలంబ్రాలకు తక్కువ. పరిష్కారాలు ఇవీ:

ఎక్స్‌పోర్ట్‌లో సీబీఆర్ (స్థిర బిట్‌రేట్) వదిలేసి, వీబీఆర్ (మారే బిట్‌రేట్) టూ-పాస్ పెట్టండి. టార్గెట్ 10, మ్యాగ్జిమమ్ 20 ఎంబీపీఎస్ 1080పి పెళ్లికి సరిపోతుంది. మొదటి పాస్‌లో ఎక్కడ కష్టముందో చూసుకుని రెండో పాస్‌లో అక్కడికి బిట్లు మళ్లిస్తుంది. హ్యాండ్‌బ్రేక్ లాంటి కన్వర్టర్ సాఫ్ట్‌వేర్లు వాడితే కాన్‌స్టంట్ క్వాలిటీ 18 నుంచి 20 మధ్య పెట్టండి. అంకె తగ్గేకొద్దీ నాణ్యత, సైజు రెండూ పెరుగుతాయి. ఫైలు సైజు ఇంతే ఉండాలన్న నిబంధన లేనప్పుడు మా ఓటు దీనికే.

కానీ కెమెరాలోనే పగిలిన బొమ్మను ఎక్స్‌పోర్ట్ బాగుచేయలేదు. తలంబ్రాలకు ముందు కెమెరా రికార్డింగ్ మోడ్ చూసుకోండి. 4కె 25 ఫ్రేముల ఎక్స్‌ఏవీసీ ఎస్ (సోనీ కెమెరాల రికార్డింగ్ పద్ధతి)లో 60, 100 ఎంబీపీఎస్ రెండూ ఉంటే 100 ఎంచుకోండి. గంటకు 45 జీబీ పడుతుంది, వీ30 (సెకనుకు కనీసం 30 ఎంబీ రాయగల) కార్డు చాలు. పాత కెమెరాల ఏవీసీహెచ్‌డీ రికార్డింగ్ పద్ధతి 24 ఎంబీపీఎస్ దగ్గర (50 పి మోడ్‌లో 28) ఆగిపోతుంది. అలాంటప్పుడు తలంబ్రాలను కొంచెం దూరం నుంచి, కెమెరా కదపకుండా తీయండి. గింజలెలాగూ కదులుతాయి, కనీసం మిగతా ఫ్రేము నిలబడి వాటికి బిట్లు మిగులుస్తుంది.

ఇలాంటి కష్టమైన దృశ్యాలు ఇంకేవి?

బండలాగుడు పోటీల్లో లేచే దుమ్ము. దేవరగట్టు బన్ని ఉత్సవం రాత్రి దివిటీల మంటలు, పొగ. సుంకేసుల గేట్లు ఎత్తినప్పుడు నీటి నురగ. బాణాసంచా. వీటిలో వేటికీ నిన్నటి ఆకారం ఈ రోజుండదు.

రామగిరి కొండల గాలిమరలది వేరే సంగతి. రెక్క ఆకారం మారదు, తిరుగుతుంది. హెచ్.264 వెక్టర్‌కు జరపడమే తెలుసు, తిప్పడం తెలియదు. అందుకని రెక్కను చిన్న చిన్న గడులుగా చీల్చి, ఒక్కోదాన్ని కొద్దికొద్దిగా జరిపి తంటాలు పడుతుంది. తిప్పడం, జూమ్ కావడం, వాలడం లాంటి కదలికలను ఒకేసారి చెప్పగల అఫైన్ అంచనా హెచ్.266లో ఉంది, వార్ప్‌డ్ మోషన్ పేరుతో ఏవీ1లోనూ ఉంది. అదే కారణంగా నెమ్మదిగా జూమ్ చేసిన షాట్ కన్నా, కొండారెడ్డి బురుజు మీదుగా అడ్డంగా తిప్పిన సాఫీ ప్యాన్ షాట్ తక్కువ బిట్లలో కుదురుతుంది.

షూటింగ్‌లోనే ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

అన్నిటికన్నా ముందు గ్రెయిన్స్. ఐఎస్ఓ (కెమెరా వెలుగును పెంచి చూపే సెట్టింగ్) పెంచితే వచ్చే మచ్చలు ప్రతి ఫ్రేములోనూ కొత్తగా పుడతాయి. వెనకటి ఫ్రేములో వాటికి పోలిక దొరికే ప్రసక్తే లేదు. ఎన్‌కోడర్‌కు అవి మచ్చలని తెలియదు, బొమ్మలోని వివరమే అనుకుని వాటి మీద బిట్లు తగలేస్తుంది. ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణం లాంటి రాత్రి కార్యక్రమాల్లో ఐఎస్ఓ ఒక మెట్టు తగ్గించి, లైటు ఒక మెట్టు పెంచగలిగితే బిట్‌రేట్ పెంచినంత ఫలితం. తప్పనిసరిగా గ్రెయిన్స్ వస్తే ఎక్స్‌పోర్ట్‌కు ముందే టెంపోరల్ డీనాయిజ్ (పక్క ఫ్రేములతో పోల్చి మచ్చలు తీసే ఫిల్టర్) కొద్దిగా వేయండి.

రెండోది లైట్ల మిణుకు. మనకు కరెంటు 50 హెర్ట్జ్, ట్యూబులైట్లు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. షటర్ 1/50 లేదా 1/100 పెడితే ప్రతి ఫ్రేములోనూ పూర్తి మిణుకులే పడతాయి, వెలుగు సమంగా ఉంటుంది. 1/60 పెట్టి, 30 ఫ్రేముల్లో తీస్తే ఫ్రేము ఫ్రేముకూ వెలుగు పెరిగి తగ్గుతుంది. నిలకడగా ఉన్న గోడకు కూడా ప్రతిసారీ తేడా రాయాల్సి వస్తుంది. ఫోన్లు ఎక్కువగా 30 ఫ్రేముల్లోనే ఉంటాయి. ప్రో మోడ్ ఉంటే 25కి మార్చి, షటర్ 1/50 పెట్టండి.

మూడోది ట్రైపాడ్. చేతి వణుకును ఎన్‌కోడర్ వెక్టర్లతో సర్దుకోగలదు గానీ, రోలింగ్ షటర్ (ఫ్రేమును ఒక్కసారిగా కాకుండా గీత గీతగా తీయడం) వల్ల బొమ్మ జెల్లీలా వంకరపోతే సర్దుకోలేదు.

ఫొటోగ్రాఫర్ల ఫ్లాష్ పడ్డప్పుడల్లా వీడియో పాడవుతుందా?

ఫ్లాష్ ఒక్క ఫ్రేములోనే తెల్లగా కొడుతుంది, ఆ ఫ్రేముకు పోలిక దొరకదు. తర్వాతి ఫ్రేము మాత్రం ఫ్లాష్ ఫ్రేమును వదిలేసి దానికి ముందున్న ఫ్రేము నుంచి అరువు తెచ్చుకోవచ్చు. హెచ్.264లో పీ ఫ్రేముకు కూడా ఒకటికి మించి ఆధార ఫ్రేములు ఉండొచ్చు కాబట్టి ఇది సాధ్యం. ఎంపెగ్-2లో అది లేదు, పాత డీవీడీల్లో ఫ్లాష్‌ల వరస వచ్చినప్పుడు బొమ్మ అంతలా చెదరడానికి కారణమదే. ఎక్స్‌పోర్ట్ సెట్టింగుల్లో రిఫరెన్స్ ఫ్రేములు (ఆధార ఫ్రేములు) 3 లేదా 4 ఉంచండి, 1కి తగ్గించకండి.

ఎడిటింగ్‌లో టైమ్‌లైన్ హ్యాంగ్ అవుతోంది. కంప్యూటర్ కొత్తదే.

మీరు మౌస్ పెట్టిన చోట బీ ఫ్రేము ఉందనుకోండి. దాన్ని చూపించాలంటే సాఫ్ట్‌వేర్ ముందున్న ఐ ఫ్రేము దాకా వెనక్కి వెళ్లి, అక్కడి నుంచి ఆధార ఫ్రేములన్నీ వరసగా విప్పుకుంటూ రావాలి. వెనక్కి ఆడిస్తే ప్రతి ఫ్రేముకూ ఈ తంతే. మూడు కెమెరాల మల్టీక్యామ్ పెడితే మూడింతలు. హెచ్.265 10 బిట్ అయితే ఇంకా బరువు.

ప్రాక్సీలు (ఎడిటింగ్ వరకే వాడే తేలిక నకళ్లు) చేసుకోండి. ప్రతి ఫ్రేమూ ఐ ఫ్రేముగా ఉండే కోడెక్ (కుదింపు పద్ధతి)లోనే చేయాలి: ప్రోరెస్, డీఎన్ఎక్స్‌హెచ్‌డీ, ఎడియస్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో అయితే గ్రాస్ వ్యాలీ హెచ్‌క్యూఎక్స్. ప్రోరెస్ ప్రాక్సీ 1080 25 ఫ్రేములకు 38 ఎంబీపీఎస్, గంటకు దాదాపు 17 జీబీ. ప్రాక్సీని కూడా మామూలు హెచ్.264లోనే తక్కువ బిట్‌రేట్‌తో చేసుకుంటే సైజు తగ్గుతుంది గానీ, వెనక్కీ ముందుకూ పరుగెత్తే పని అలాగే ఉండిపోతుంది.

కెమెరాలో ఆల్-ఇంట్రా (అన్నీ ఐ ఫ్రేములే) మోడ్ పెట్టి తీస్తే పోదా?

ఎడిటింగ్ హాయిగా ఉంటుంది, కార్డులు మాత్రం కరిగిపోతాయి. ఎక్స్‌ఏవీసీ ఎస్-ఐ 4కె 25 ఫ్రేములు 250 ఎంబీపీఎస్, గంటకు 112 జీబీ పైన. పది గంటల పెళ్లికి 1.1 టీబీ దాటుతుంది. ప్రి-వెడ్డింగ్ షూట్‌కు, క్రోమా (గ్రీన్ స్క్రీన్) షాట్లకు వాడండి. ముహూర్తం మొత్తానికి వద్దు.

రీ-ఎన్‌కోడ్ చేయకుండా క్లిప్పు కట్ చేస్తే మొదట్లో బొమ్మ నిలిచిపోయి, మాటలు మాత్రం వినిపిస్తున్నాయి.

మీరు కట్ చేసిన చోట ఐ ఫ్రేము లేదు. అక్కడి పీ, బీ ఫ్రేములకు ఆధారం కత్తిరించిన భాగంలో ఉండిపోయింది. కొన్ని సాఫ్ట్‌వేర్లు తెలివిగా ముందున్న ఐ ఫ్రేము దాకా వెనక్కి జరిగి కట్ చేస్తాయి, అప్పుడు క్లిప్పు మీరడిగిన దానికన్నా ముందే మొదలవుతుంది. నేరుగా కట్ చేసే టూల్స్‌లో ‘నెక్స్ట్ కీఫ్రేమ్’ బటన్ ఉంటుంది (కీఫ్రేమ్ అంటే ఐ ఫ్రేమే), దాంతో ఐ ఫ్రేము మీదికి వెళ్లి కట్ చేయండి. ముగింపు దగ్గర ఇంత పట్టింపు లేదు. సరిగ్గా ఆ ఫ్రేము దగ్గరే మొదలవ్వాలంటే రీ-ఎన్‌కోడ్ తప్పదు.

ఎక్స్‌పోర్ట్‌లో కీఫ్రేమ్ ఇంటర్వెల్ ఎంత పెట్టాలి?

హెచ్.264 ఫైళ్లు చేసే ఎక్స్264 ఎన్‌కోడర్ మామూలుగా గరిష్ఠంగా 250 ఫ్రేముల దాకా వెళుతుంది, అంటే 25 ఫ్రేముల వీడియోలో 10 సెకన్లు. షాట్ మారిన చోట తనంతట తనే ఐ ఫ్రేము వేసుకుంటుంది, ఆ సీన్‌కట్ ఆప్షన్ ఆపకండి. యూట్యూబ్ అప్‌లోడ్‌కు క్లోజ్‌డ్ జీఓపీ, ఫ్రేమ్ రేటులో సగం (25కి 12 లేదా 13), రెండు బీ ఫ్రేములు అని వాళ్ల సూచన. పెన్‌డ్రైవ్ కాపీకి 50 పెట్టండి. రిమోట్‌తో ముందుకు జరిపితే వెంటనే ఆడుతుంది, సైజు పెద్దగా పెరగదు. డీవీడీకి మనకు స్వేచ్ఛ లేదు, మన పాల్ (25 ఫ్రేముల టీవీ పద్ధతి)లో జీఓపీ 15 ఫ్రేములు దాటకూడదు.

‘వెరీ స్లో’ ప్రీసెట్‌తో రెండర్ చేసిన ఫైలు ల్యాప్‌టాప్‌లో ఆడింది, టీవీలో ఆడలేదు.

ఎక్స్264లో వెరీ స్లో ప్రీసెట్ 16 రిఫరెన్స్ ఫ్రేములు అడుగుతుంది. టీవీ చిప్పు అన్ని ఫ్రేములు మెమరీలో పెట్టుకోలేదు. లెవల్ (ఆడించే పరికరం ఎంత బరువు మోయాలో చెప్పే హద్దు) 4.1లో 1080పి వీడియోకు గరిష్ఠం 4. ప్రొఫైల్ హై, లెవల్ 4.1, 8 బిట్, 4:2:0, రిఫరెన్స్ ఫ్రేములు 4 అని పెట్టి ఇవ్వండి. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అయితే ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు, 8 ఎంబీపీఎస్ దగ్గర గంటా పది నిమిషాలకే ఆ హద్దు వచ్చేస్తుంది. పెళ్లిని భాగాలుగా విడగొట్టి ఇవ్వండి.

చీకటి షాట్లలో బొమ్మ కొన్ని సెకన్లకోసారి ఊపిరి పీల్చినట్టు మారుతోంది.

ఆ వ్యవధి మీ కీఫ్రేమ్ ఇంటర్వెల్‌తో సరిపోతుందేమో లెక్కపెట్టండి. చీకటి గోడ మీది సన్నని వివరాలను పీ, బీ ఫ్రేములు సున్నా చేసుకుంటూ పోతాయి. ఐ ఫ్రేము రాగానే అవన్నీ ఒక్కసారిగా తిరిగొస్తాయి. బేలం గుహల్లో తీసిన క్లిప్పులకు ఇది ఎక్కువ. ఇంటర్వెల్ మార్చడం కాదు, కాన్‌స్టంట్ క్వాలిటీని 17 లేదా 18కి దించడం, గ్రెయిన్స్ తగ్గించడం దీనికి మందు.

వీడియో మధ్యలో మనుషులు సాగిపోయి, బూడిద రంగు గడులు వచ్చి, కాసేపటికి తనే బాగుపడింది. ఫైలు పోయినట్టేనా?

ఎక్కడో కొన్ని బైట్లు పోయాయి, కార్డు తప్పు కావచ్చు, కాపీ తప్పు కావచ్చు. చెడిన ఫ్రేము నుంచి అరువు తెచ్చుకున్నవన్నీ చెడతాయి. తర్వాతి ఐ ఫ్రేము ఎవరినీ అడగదు కాబట్టి అక్కడ బాగుపడుతుంది. ఐ ఫ్రేమే పోతే పాత షాట్ పిక్సెళ్లను కొత్త షాట్ వెక్టర్లు కదిలిస్తాయి, ఒకరి మొహం ఇంకొకరి కదలికతో కరుగుతుంది. ముందు కార్డు నుంచి మళ్లీ కాపీ చేసి చూడండి, కార్డు ఫార్మాట్ చేయకండి. మళ్లీ అక్కడే వస్తే ఆ ఒక్క జీఓపీ మీద వేరే కెమెరా షాట్ వేయండి.

లైవ్ ఇచ్చేటప్పుడు?

లైవ్ పంపే ఓబీఎస్ సాఫ్ట్‌వేర్‌లో కీఫ్రేమ్ ఇంటర్వెల్ 0 వదిలేయకుండా 2 సెకన్లు పెట్టండి. యూట్యూబ్ లైవ్ 4 సెకన్లు దాటొద్దంటుంది. కొత్తగా చేరిన ప్రేక్షకుడికి ఐ ఫ్రేము వచ్చేదాకా బొమ్మ రాదు, క్వాలిటీ మారడం కూడా అక్కడే జరుగుతుంది. లైవ్‌కు సీబీఆరే సరి. మీ అప్‌లోడ్ స్పీడ్, బిట్‌రేట్‌కు కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి. ఫంక్షన్ హాల్లో జనం నిండాక స్పీడ్ టెస్ట్ చేయండి, ఖాళీ హాల్లో చేసిన టెస్ట్ లెక్కలోకి రాదు. నెట్ తగ్గితే ఓబీఎస్ ముందు బీ ఫ్రేములను వదిలేస్తుంది, వాటిని సాధారణంగా ఎవరూ ఆధారం చేసుకోరు. అప్పటికీ తీరకపోతే పీ ఫ్రేముల మీద పడుతుంది.

అదే హాల్లో ఎల్ఈడీ వాల్‌కు నెట్‌వర్క్ మీదుగా పంపుతుంటే బీ ఫ్రేములు 0, ట్యూన్ ‘జీరో లేటెన్సీ’. వీలైతే మిక్సర్ నుంచి హెచ్‌డీఎంఐ గానీ ఎస్‌డీఐ గానీ నేరుగా లాగండి, కంప్రెషన్ ఆలస్యమే ఉండదు.

సీసీ కెమెరాల్లో ఐ-ఫ్రేమ్ ఇంటర్వెల్?

25 ఫ్రేములకు 50, అంటే 2 సెకన్లు. కొన్ని డీవీఆర్‌లలో ‘స్మార్ట్’ మోడ్ కదలిక లేనప్పుడు ఈ వ్యవధిని బాగా పెంచేసి హార్డ్‌డిస్క్ ఆదా చేస్తుంది. గోడౌన్‌కు పర్వాలేదు. దుకాణం కౌంటర్‌కు వద్దు, ఒక్కో ఫ్రేము వెనక్కి జరుపుతూ చూడాల్సొచ్చినప్పుడు నత్తనడక నడుస్తుంది.

2 ఎంబీపీఎస్ కెమెరా రోజుకు 21.6 జీబీ. నాలుగు కెమెరాలకు 1 టీబీ డిస్క్ పదకొండు రోజులొస్తుంది. వీబీఆర్ పెట్టినా రాత్రుళ్లు డిస్క్ త్వరగా నిండుతుంటే గ్రెయిన్స్‌ని, ఐఆర్ లైటు (రాత్రి చూపు కోసం కెమెరాలో ఉండే కంటికి కనబడని లైటు) చుట్టూ ముసిరే పురుగులను అనుమానించండి. 3డీ డీఎన్ఆర్ (గ్రెయిన్స్ తగ్గించే సెట్టింగ్) మధ్యస్థంగా పెట్టండి, మరీ పెంచితే నడిచే మనిషి వెనక నీడలా గీతపడి మొహం గుర్తుపట్టలేం. పోలీసులకు ఫుటేజ్ ఇవ్వాల్సొస్తే మానిటర్‌ను ఫోన్‌తో తీయకుండా డీవీఆర్ నుంచే ఎక్స్‌పోర్ట్ చేయండి, సంఘటనకు కనీసం 10 సెకన్ల ముందు నుంచి.

సెట్‌టాప్ బాక్సులో ఛానల్ మారిస్తే కాసేపు నల్లగా ఉంటుంది. అదీ ఇదేనా?

చాలావరకు ఇదే. కొత్త ఛానల్లో ఐ ఫ్రేము వచ్చేదాకా బాక్సు ఆగాలి.

వీడియో నుంచి ఆల్బమ్‌కు ఫొటో తీయొచ్చా?

తీయొచ్చు, ఐ ఫ్రేము ఎంచుకుంటే. ఎన్‌కోడర్లు ఐ ఫ్రేముకు ఎక్కువ నాణ్యత, పీకి కొంచెం తక్కువ, బీకి ఇంకా తక్కువ ఇస్తాయి. ఐ ఫ్రేము చెడితే దాని మీద ఆధారపడ్డవన్నీ చెడతాయి కాబట్టి. కావాల్సిన క్షణానికి అటూ ఇటూ నాలుగైదు ఫ్రేములు చూసి, అన్నిటికన్నా తేటగా ఉన్నది తీసుకోండి. ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలు నుంచి కాదు, కెమెరా ఫైలు నుంచి.

వాట్సాప్‌లో పంపితే పాడవుతోంది.

అది మళ్లీ విప్పి, తక్కువ బిట్‌రేట్‌తో మళ్లీ కుదిస్తుంది. డాక్యుమెంట్‌గా పంపండి, 2 జీబీ దాకా ఉన్నదున్నట్టు వెళుతుంది.

పాత హ్యాండీక్యామ్ టేపులు కంప్యూటర్‌లోకి ఎక్కించి యూట్యూబ్‌లో పెడితే అంచులన్నీ దువ్వెన పళ్లలా ఉన్నాయి.

అవి ఇంటర్‌లేస్‌డ్. ఒక్కో ఫ్రేములో రెండు వేర్వేరు క్షణాల గీతలు కలిసి ఉంటాయి. అలాగే ప్రోగ్రెసివ్‌గా కుదిస్తే ఆ పళ్లను ఎన్‌కోడర్ బొమ్మలోని వివరంగా భావిస్తుంది, కదలిక ఉన్న ప్రతి చోటా బిట్లు వృథా. ముందు డీఇంటర్‌లేస్ చేయండి (ఆ గీతలను విడదీసి పూర్తి ఫ్రేములు చేయడం), 50ఐ (సెకనుకు 50 సగం బొమ్మలు, వీటినే ఫీల్డ్‌లంటారు) నుంచి 50 ప్రోగ్రెసివ్ ఫ్రేములు తీస్తే కదలిక సాఫీగా ఉంటుంది. ఫీల్డ్ వరస సరిచూసుకోండి: మినీ డీవీ టేపుకు లోయర్ ఫస్ట్, హెచ్‌డీ రికార్డింగులకు అప్పర్ ఫస్ట్. తప్పితే నడిచే మనిషి ముందుకూ వెనక్కూ ఊగుతాడు. మినీ డీవీ ఫైలులో ప్రతి ఫ్రేమూ సొంతంగా నిలబడేదే, గంటకు దాదాపు 13 జీబీ. ఆ అసలు ఫైలును చెరపకుండా హార్డ్‌డిస్క్‌లో ఉంచుకోండి. రేపు ఇంకా మంచి డీఇంటర్‌లేసర్ వస్తే మళ్లీ దాని నుంచే తీసుకోవచ్చు.